బంగారమ్మ కట్టిన ఇటుక

నూకరత్నానికి ఒకటే కష్టం. మేష్టారు సంతకం పెట్టడం లేదు.

గాజువాకలో బాయిలర్లు తయారుచేసే షెడ్డు అది. అక్కడ కూర్మారావు మేష్టారు గీసిన గీతకి తిరుగులేదు. నలభై ఏళ్లలో ఆయన గీసిన బాయిలర్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే డాల్ఫిన్ నోస్ కొండ మరుగుజ్జయిపోతుంది. నూకరత్నం ఆయన దగ్గర ఆరేళ్లు పని నేర్చుకుంది. ఆ పిల్ల నోటితో లెక్క కడుతుంటే పక్కనున్న కాలిక్యులేటరు సిగ్గుతో ఆరిపోయేది.

మొదటిసారి ఒక బాయిలరు బొమ్మ మొత్తం గీసే పని ఆమె చేతికి వదిలారు మేష్టారు. కొండకింద ఆడపిల్లల హాస్టలుకి, వంటకి ఆవిరి ఇచ్చే బాయిలరు. ఆయన సంతకం పడితే బొమ్మ కింద నూకరత్నం పేరుంటుంది. పడకపోతే మళ్లీ ఇంకొకరి బొమ్మలకి నకళ్లు తీయడమే.

"ఎనిమిది మిల్లీమీటర్ల రేకు కదమ్మా వెయ్యాలి? ఐదు వేశావేం?" అన్నారాయన.

ఆ ప్రశ్న కోసమే కాచుక్కూచుంది నూకరత్నం.

"ఈ ఇనుము తెగాలంటే చదరపు మిల్లీమీటరు మీద నలభై ఒక్క కిలోల లాగుడు పడాలి మేష్టారూ. బాయిలర్లకి రూల్సు రాసిన కోడు పుస్తకమేమో పన్నెండు దాటొద్దంటుంది. రాసినవాళ్లు ఉత్త పిరికివాళ్లు. నేను ఇరవై దాకా వెళ్లాను. అయినా సగం బలం మిగిలే ఉంది. బాయిలర్లు పాసుచేసే ఇన్‌స్పెక్టరు మీ మాట కాదనడు. ఒక్క మాట చెప్పండి."

"ఆ మిగిలిన బలం దేనికంటావు?"

"దేనికీ కాదు, ఊరికే మోసుకు తిరగడానికి. మీ పేరులోనే కూర్మం ఉందాయె. మీకు డొప్ప దళసరిగా లేకపోతే నిద్రపట్టదు."

వెల్డర్లు నవ్విన నవ్వుకి షెడ్డు పైరేకులు అనకాపల్లి దాకా మోగాయి. మేష్టారూ నవ్వారు. నూకరత్నం మాత్రం నోరుజారానని నాలిక కరుచుకుంది.

"లెక్కలో తప్పేం లేదమ్మా," అన్నారాయన. "రేపు హాస్టలుకెళ్లి, కొత్తది పెట్టే చోటు కొలుచుకొద్దాం. సంతకం మాట ఆ తరవాత."

మర్నాడు వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. నాలుగొందల మంది ఆడపిల్లలు పళ్లాలు పట్టుకుని వరసలో ఉన్నారు. వంటమనిషి బంగారమ్మ చేతిలో గరిటె ఉంది. ఆ గరిటెతో భీమిలి నుంచి సింగపూరు దాకా పడవ నడపొచ్చు. మూలనున్న పాత బాయిలరు ఆయాసపడుతోంది.

మేష్టారు గుమ్మంలోనే ఆగిపోయారు.

ఆవిరి ఎక్కువైతే దానంతటదే తెరుచుకోవలసిన సేఫ్టీ వాల్వు బాయిలరు నెత్తిన ఉంది. దాని మీటకి కొబ్బరితాడుతో ఒక ఇటుక కట్టేసి ఉంది. ప్రెషరు మీటరులో ముల్లు ఎర్రగీత దాటి, పోవడానికింక చోటులేక చివర ఆనుకుని కూచుంది.

"ఇదేంటమ్మా?" అన్నారు మేష్టారు మెల్లగా.

"ఇటిక, బాబూ."

"ఇటికే. ఎందుకు కట్టావని?"

"ఏటి సెప్పమంతారు! పొద్దల్లా బుస్సుబుస్సుమని పిల్లల్ని జడిపించేసీది. ఇటిక కట్టీసినాను. నోరు మూసుకున్నాది."

"ఎన్నాళ్లయింది?"

"మా మనవరాలు పుట్టిన యేడు కట్టినాను. దానికిప్పుడు ఆరేళ్లు."

మేష్టారు ఆమెని ఒక్క మాటా అనలేదు. "మంట ఆర్పెయ్యి తల్లీ. పిల్లల్ని తీసుకుని మైదానం అవతలకి పో. నూకరత్నం, నువ్వూ వెళ్లు."

"మరి మీరో?"

"నాకు దీనితో పాత పరిచయం."

బయట నాలుగొందల పళ్లాలు ఆకలి దరువు వేశాయి. నూకరత్నానికి ఒక్క పళ్లెమూ వినబడలేదు. లోపల మేష్టారు కొంచెంకొంచెంగా వదులుతుంటే వంటశాల కిటికీలోంచి వచ్చే తెల్లటి ఆవిరినే చూస్తూ నిలబడింది. గంటసేపు. ఆ గంటలో ఆమెకి మూడు పుష్కరాలు గడిచిపోయాయి.

చివరికి మేష్టారు బయటికొచ్చారు. చొక్కా పిండితే బిందెడు నీళ్లొచ్చేలా ఉంది. చేతిలో ఇటుక. తీసుకొచ్చి నూకరత్నం రెండు చేతుల్లో పెట్టారు. ఇంకా వెచ్చగానే ఉంది.

"దీన్ని ఏ లెక్కలో కలిపావమ్మా?"



కాలిక్యులేటర్లకి సిగ్గు నేర్పిన పిల్ల ఇటుక పట్టుకునే లోపలికి వెళ్లింది. బాయిలరు చల్లారుతోంది. దాని నడుముకి బిగించిన ఇత్తడి పలక మీది మసిని కొంగుతో తుడిచింది. రేకు మందం: ఎనిమిది. కింద, గీసినవారి పేరు: కూర్మారావు.

అదే రేకు ఐదు అయి ఉంటే, అని మనసులో లెక్క మొదలుపెట్టింది. కిటికీలోంచి పళ్లాల మోత వినిపించింది. లెక్క సగంలో ఆపేసింది.

"మేష్టారూ, ఎవరో ఇటుక కడతారని మీకు అప్పుడే తెలుసా?"

"ఇటుకేనని నాకెలా తెలుస్తుందమ్మా? ఏదో ఒకటి కడతారని తెలుసు."

కొత్తది వచ్చేదాకా దీన్ని వెలిగించొద్దని బంగారమ్మకి చెప్పి, కట్టెల పొయ్యి రాజెయ్యడానికి ఆయనే కూచున్నారు. ఊదీ ఊదీ బుగ్గలు బూరెలయ్యాయి. ఆ పూట అన్నం కాస్త పొగవాసన వచ్చింది. నూకరత్నం రెండోసారి వడ్డించుకుంది.

సాయంత్రం షెడ్డుకొచ్చి, బొమ్మలో ఐదు చెరిపి ఎనిమిది రాసింది. ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే, సంచీలోంచి ఇటుక తీసి దానిమీద పెట్టింది.

మేష్టారు వచ్చారు. ఇటుకని కాస్త పక్కకి జరిపి సంతకం పెట్టారు. మళ్లీ దాని చోట దాన్ని పెట్టి వెళ్లిపోయారు.