నక్క తెచ్చిన సూర్యుడు

మూడు రోజులుగా ఒకటే ముసురు. పోలయ్య దొడ్లో పట్టపగలే చీకటి కమ్మింది. పొద్దు పొడిచిందో లేదో తేలక డేగపుంజు కూతే మానేసింది. గూట్లో గవ్వలమ్మ అనే ముసలి పెట్ట తొమ్మిది మంది పిల్లల్ని రెక్కల కింద పొదువుకుని కూర్చుంది.

ఉన్నట్టుండి తలుపు సందుల్లోంచి తెల్లటి వెలుగు లోపల పడింది.

"తెల్లారిందర్రా! సూర్యుడొచ్చాడు, బయటికి రండి!" అని పక్కనున్న గడ్డివాము వెనక నుంచి ఓ గొంతు.

పుంజు ఎగిరి గంతేసి కూత అందుకుంది. తలుపుకి అడ్డం పెట్టిన పుల్లని ముక్కుతో తోయబోయింది.

"ఆగరా అబ్బాయ్," అంది గవ్వలమ్మ. "సూర్యుడొస్తే దొడ్డంతా తెల్లారాలి. ఇదేంటి, మన తలుపు మీదే పడుతోంది? పైగా వణుకుతోంది."

"ఇంత చలిలో ఆయనకి మాత్రం వణుకు రాదా పెద్దమ్మా?" అంది పుంజు.

గడ్డివాము వెనక పలికిన గొంతు నక్కదేనని గవ్వలమ్మ పోల్చుకుంది. తలుపు తీస్తే ఒక్క పిల్లా మిగలదు. కుక్కని పిలుద్దామంటే, అది దొడ్డి ఆ చివర పశువుల పాకలో ఉంది. ఈ వాన హోరులో దానికేం వినబడుతుంది?

"ఎవరు బాబూ మాట్లాడేది?" అంది తియ్యగా.

"సూర్యుడి బంట్రోతుని!"

"బంట్రోతుగారూ, పిల్లలకి కళ్లు చెదురుతున్నాయి. కాసేపు వెలుగు ఆపమని మీ దొరగారికి చెబుతారా?"

"అదెంత పని!"

టిక్కుమంది. అంతా చీకటి.

"చూశావుట్రా?" అని గవ్వలమ్మ పుంజు చెవిలో గొణిగింది. "సూర్యుడు, చుక్కలు, మెరుపు, మిణుగురు తమంతట తామే వెలుగుతాయి. మనం ఆపమంటే ఆగవు. దీపం, లాంతరు, బల్బు మనుషులు చేసుకున్నవి. వెలిగిస్తే వెలుగుతాయి, ఆర్పితే ఆరతాయి. అది పోలయ్య నిన్న పొలంలో పారేసుకున్న బ్యాటరీ లైటు. పట్టుకున్నది నక్క!"

పుంజు తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

గవ్వలమ్మ మళ్లీ గొంతు పెంచింది. "బంట్రోతుగారూ, సూర్యుడు పడమర నుంచి వచ్చాడేంటండీ? మా పిల్లలు బెదిరిపోతున్నారు. తూర్పున పాక ఉంది చూడండి, అక్కణ్ణుంచి పొడవమనండి. పరుగెత్తుకుంటూ వచ్చేస్తాం!"

"దారి తప్పాడులే. ఇప్పుడే తీసుకొస్తా!"

పాకలో గోనెసంచి మీద కరియ అనే కుక్క ముడుచుకుని నిద్రపోతోందని గవ్వలమ్మకి తెలుసు. తలుపు సందులోంచి చూస్తోంది.

నక్క చప్పుడు చేయకుండా దొడ్డి చుట్టూ తిరిగి పాకలో దూరింది. లైటు నోట కరుచుకుని గూటి వైపు తిప్పి వెలిగించింది. వెలుగంతా ముందుకే పడింది. కాళ్ల కింద ఏముందో కనబడలేదు. సూర్యుణ్ణి ఇంకాస్త పైకి లేపుదామని ఒకడుగు వెనక్కి వేసింది. సరిగ్గా కరియ తోక మీద!

ఆ తర్వాత దొడ్లో వినబడిన గోల వాన చప్పుణ్ణి మించిపోయింది. నక్క లైటు వదిలేసి, తోకలో సగం బొచ్చు కరియ నోట్లో వదిలేసి, ముళ్లకంచెలోంచి పడుతూ లేస్తూ పారిపోయింది. గవ్వలమ్మ నవ్వాపుకోలేక రెక్కలు టపటపలాడించింది.

చేతిలో లైటున్నంత మాత్రాన ఎదుటివాళ్లు గుడ్డివాళ్లనుకోకూడదు.