పాలవాసన పట్టించిన నక్క

కొండకింద అడవిలో మిణుగురుల గుహ అంటే పిల్లలకి ఒకటే పిచ్చి. లోపల గోడనిండా మిణుగురులు బొమ్మలు కడుతుంటాయి, ఒకటి చెరిగేలోపే ఇంకొకటి! రాళ్ళ సందుల్లోంచి ఎవరెవరో కబుర్లు చెబుతుంటారు, మొహాలు మాత్రం కనిపించవు. ఆ గుహ నడిపేది నక్క.

సింగారి అనే మేక కూతురు బుల్లి, ఆ గుహ మరిగి పాలు తాగడమే మానేసింది. ఆ రోజు గంతులేస్తూ వచ్చి, "అమ్మా, సందులోంచి ఒక మామయ్య మాట్లాడాడే! రేపు వాగు అవతలికి ఒంటరిగా రమ్మన్నాడు!" అంది.

వాగు అవతల ఉండేది తోడేలు! సింగారి ఒక్క పరుగున అడవి సభకి పెద్ద అయిన ఏనుగు పెద్దయ్య దగ్గరికి వెళ్ళి పడింది.

పాలు మరవని పిల్లల్ని రానిస్తే గుహ మూసేస్తామని అడవి సభ ఎప్పుడో చట్టం చేసింది. పెద్దయ్య నక్కని పిలిపించాడు.

"గుమ్మంలో అడుగుతూనే ఉన్నాను పెద్దయ్యా, పెద్దవాళ్ళేనా అని! అందరూ ఊఁ అంటారు. ఆ చీకట్లో వయసు నాకెలా తెలుస్తుంది చెప్పండి?" అని నక్క ఒట్లు పెట్టేసింది.

అది వెళ్ళగానే సింగారి, "నా వెనకాలే రా పెద్దయ్యా. చప్పుడు చెయ్యకు సుమా!" అంది.

"నేనా! చప్పుడు లేకుండానా!" అంటూనే ఊపిరి బిగబట్టి కదిలాడు పెద్దయ్య.

గుహ చీకట్లో సింగారి మోకాళ్ళమీద వంగి, అచ్చం బుల్లి గొంతుతో "మే..." అంది.

"పెద్దదానివేనా?"

"ఊఁ."

నక్క ముక్కు ఎగబీల్చి లోపలికి కేకేసింది. "ఒరే, పాలవాసన! పసిపిల్లే! లేతచిగుళ్ళ బొమ్మలు కట్టండి, పిల్ల ఇక్కణ్ణించి కదలకూడదు!"

గుమ్మంలో పెద్దయ్య ఘీంకరించాడు. నక్క అదిరిపడి, సింగారిని పోల్చుకుని, "అయ్యో, ఇది పిల్ల కాదు పెద్దయ్యా, తల్లిమేక!" అని గోలపెట్టింది.

"తల్లినే," అంది సింగారి. "నా బిడ్డ తాగక పొదుగులో నిలిచిపోయిన పాలివి. నీ ముక్కుకి తగిలింది వీటి వాసనే."

"వయసు తెలియదన్నావు. తెలిసే లోపలికి రానిచ్చావు!" అని పెద్దయ్య బండ దొర్లించి గుహ మూసేశాడు. నక్క తోక ముడిచి పరుగో పరుగు!

బుల్లి ఏడ్చింది, కాళ్ళు నేలకేసి కొట్టింది, అలిగి కూర్చుంది. చివరికి ఆకలికి ఆగలేక అమ్మ పొదుగులో మూతి పెట్టింది.

పసివాళ్ళని తెలిసీ తలుపు తీసినవాడికి, వయసు అడిగానన్న మాట సాకు కాదు.