లంకకు నీళ్ళు కొట్టినవాళ్ళు

మ్యూజియం వెనక గదిలో గవరయ్య, పెళ్ళాం సింహాచలం, బావమరిది పోలినాయుడు కాపురం. ముగ్గురిదీ అక్కడే కాపలా పని. "మనకున్న తెలివి ఆ లోపలి రాజుగారి విగ్రహానిక్కూడా లేదు," అని రోజూ మురిసిపోయేవారు.

లోపల పాత కలంకారీ తెర ఒకటుంది. గోడంత గుడ్డ మీద లంకాదహనం బొమ్మలు. మర్నాడు దాన్ని చూడ్డానికి పెద్దలొస్తారని అధికారి సుభాషిణిగారు ఒకటే హడావిడి. "జాగ్రత్త! ఎక్కడ మంట కనపడినా నన్నడక్కుండా నీళ్ళు కొట్టెయ్యండి," అని చెప్పి అటు వెళ్ళారు.

ఇటు తెర ముందు పోలినాయుడు కెవ్వుమన్నాడు. "బావా! ఊరు ఊరే తగలబడిపోతోంది!"

ఇంకేముంది! బిందెలు లేచాయి.

"మావా, ఆరట్లేదు!"

"తోక దగ్గర కొట్టవే! అంటించింది అదే!"

సుభాషిణిగారు పరిగెత్తుకొచ్చి నెత్తి బాదుకున్నారు. అదృష్టం, పాతకాలపు రంగులు కరగలేదు. "తెర తీసి నీడన ఆరబెట్టండి. ఆరాక, ఎలా తీశారో అలాగే తెచ్చి పెట్టండి!"

తెర చక్కగా ఆరింది. గవరయ్య గడ్డం గోక్కున్నాడు. "ఎలా తీశామో అలాగే అన్నారు. తీసేటప్పుడు ఎలా ఉంది?"

"తడిగా ఉంది బావా!"

అంతే! మళ్ళీ బిందెలు.

"అప్పుడు ఇంతకంటే కారింది మావా, ఇంకో బిందె పొయ్యి!"

అది చూసి సుభాషిణిగారికి ఏడుపొక్కటే తక్కువ. "నా ఉద్యోగం ఊడగొడతారా మీరు?" అని, ఉన్న ఫ్యాన్లన్నీ పెట్టి, సాయంత్రం దాకా తానే ఆరబెట్టుకున్నారు. "రేపు బిందె ముట్టుకున్నారో, చూడండి! టికెట్టు లేనివాళ్ళెవరూ లోపల ఉండకుండా చూసుకోండి, చాలు."

"ఇంతేనా! ఇది మాకు చిటికెలో పని," అన్నాడు గవరయ్య.

పొద్దున్నే వచ్చినవాళ్ళందరి టికెట్లూ చూశారు. ఆఖర్న సింహాచలం తెర ముందు నిలబడింది. "టికెట్టేదీ?" అనడిగింది. ఒక్కరూ పలకలేదు. "చూడు మావా, ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ సమాధానం చెప్పే మర్యాద లేదు!"

సుభాషిణిగారు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి గోడ బోసిగా ఉంది. బయటికి పరిగెత్తారు.

టికెట్ల కిటికీ ముందు, వరసలో, తెర నెత్తిన పెట్టుకుని ముగ్గురూ నిలబడి ఉన్నారు. గవరయ్య కిటికీలోకి తల దూర్చి అడుగుతున్నాడు.

"బాబూ, కోతులకైతే అర టికెట్టు సరిపోతుంది. ఈ పది తలలాయనకి ఒకటి కొట్టాలా, పది కొట్టాలా?"