పిల్లవాగుకు ఇచ్చిన చోటు

పాలగుండు అడవిలో ముళ్ళపందులు, ముంగిసలు, ఉడుములు, పందికొక్కులు, కుందేళ్లు కలిసిమెలిసి ఉండేవి. అడవి మధ్యలో పిల్లవాగు పారేది. పేరుకు తగ్గట్టే, ఎండాకాలంలో కుందేలు ఒక్క గెంతులో దాటేసేంత వాగు. దాన్ని చూస్తే ఎవరికి భయం వేస్తుంది చెప్పండి?

ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేది. ఎక్కడ పడితే అక్కడ బొరియ తవ్వుకోవడానికి వీల్లేదు. తొలకరికి ముందు అందరూ వాగు ఒడ్డున ఉన్న పెద్ద రాతిగుండు దగ్గర చేరాలి. ముళ్ళపంది బొడ్డయ్య తాత తన ముల్లు ఒకటి తీసి నేలలో గుచ్చి, "ఇది నీ చోటు" అనాలి. అప్పుడే అక్కడ తవ్వాలి. ముల్లు లేని చోట గోరు పెట్టినా తప్పే.

గుండు మీద ఒక గీత ఉండేది. బొడ్డయ్య ముత్తాత కాలంలో వచ్చిన అన్నిటికన్నా పెద్ద వరద అక్కడిదాకా వచ్చి ఆగిందట. ఆ గీత కన్నా ఎత్తున్న నేలంతా క్షేమమని అందరి నమ్మకం. బొడ్డయ్యకు ఆ గీత అంటే ప్రాణం. రోజూ పొద్దున్నే వెళ్లి దాని మీద నాచు గోకి వచ్చేవాడు.

ఆ ఏడు ముంగిస సూరమ్మ నిండు చూలాలు. "తాతా, పది రోజుల్లో కాన్పు. నాకు గుట్ట మీద చోటివ్వవా? ఎందుకో కింద ఉండాలంటే గుండె దడదడలాడుతోంది" అంది.

"పిచ్చిదానా! గుట్టంతా రాళ్లు. పసిపిల్లల ఒళ్లు ఒరుసుకుపోదూ? మా ఇంటి పక్క పల్లంలో మెత్తటి ఇసుక నేల ఉంది. గీత కన్నా ఎత్తే. అక్కడ ఉండు. నేను లేనూ?" అని తాత పల్లంలో ముల్లు గుచ్చాడు. తాత మనసు మంచిదే, పిల్లలూ. మొండితనమే కాస్త ఎక్కువ.

నీటికుక్క గంగులు ముందుకు వచ్చాడు. చేపలు పట్టుకుంటూ పగలంతా వాగులోనే ఉండేవాడు కాబట్టి నీళ్ల సంగతి అతనికి బాగా తెలుసు.

"తాతా, కోపం తెచ్చుకోకు. ఆ పల్లంలోకి ఇసుక ఎలా వచ్చిందనుకున్నావు? ఒకప్పుడు వాగు అటే పారింది. ఇప్పుడు వాన తీరు మారింది. మీ ముత్తాత నాడు నెల్లాళ్లు మెల్లగా కురిసిన వాన ఇప్పుడు ఒక్క పూటలో కుమ్మరిస్తోంది. పోయిన ఏడు నీళ్లు గీతకు బెత్తెడు కిందే ఆగాయి."

"ఆగాయా లేదా? మరి గీతంటే మాటలా!" అని బొడ్డయ్య మీసాలు దువ్వాడు. అందరూ నవ్వారు.

"ఈసారి ఆగకపోతే?"

"నిన్నగాక మొన్న పుట్టి నాకే చెప్పొచ్చావా? ముల్లు గుచ్చాను. అయిపోయింది!"

మర్నాటి నుంచి గంగులు గుట్ట మీద రాళ్లు దొర్లించి బొరియలు తవ్వసాగాడు. నాలుగు పందికొక్కులు తోడు వచ్చాయి. పాపం, వాటి గోళ్లు అరిగిపోయాయి. "ముల్లు లేని చోట తవ్వుతున్నారు, సిగ్గు లేదూ!" అని కుందేళ్లు వెక్కిరించాయి.

ఒకసారి సూరమ్మ గుట్ట దాకా వచ్చింది. "రా అక్కా, ఇది నీకోసమే తవ్వాను" అన్నాడు గంగులు.

"తాత మాట కాదని ఎలా రాను తమ్ముడూ? నన్ను కూతురిలా చూసుకుంటాడు" అని ఆమె వెనక్కి వెళ్లిపోయింది.

పల్లంలో ఆమెకు మూడు పిల్లలు పుట్టాయి. అవి ఇంకా కళ్లయినా తెరవకముందే, ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఇక చూడండి, మబ్బుకు చిల్లు పడ్డట్టు కురిసింది! పొద్దు వాలకముందే పిల్లవాగు ఒడ్డు దాటింది. గుండు మీది గీత మునిగింది. నీళ్లు తమ పాత దారి పట్టుకుని పల్లంలోకి వచ్చేశాయి.

సూరమ్మ ఒక పిల్లను నోట కరుచుకుని గుట్ట మీదికి పరుగెత్తింది. తిరిగి వచ్చి రెండో పిల్లను బొరియ బయటికి తెచ్చింది. అప్పటికే పల్లంలో నీళ్లు ఆమె పొట్ట దాకా వచ్చి, బొరియ అంచును తాకుతున్నాయి. పిల్లను బొరియ అంచు మీద పెట్టి, "తాతా! ఇంకొకటి లోపలే ఉండిపోయింది!" అని ఏడ్చింది.

"దాన్ని తీసుకుని నువ్వు వెళ్లు తల్లీ! ఇక్కడ నేనున్నాను!" అన్నాడు బొడ్డయ్య.

నీళ్లకు వీపు పెట్టి, బొరియకు అడ్డంగా కూర్చున్నాడు. కొట్టుకొచ్చిన గడ్డీ చెత్తా ఆయన ముళ్ళకు చిక్కుకుని చిన్న గట్టులా నిలిచాయి. ఒక పెద్ద కొమ్మ వచ్చి నడుముకు తగిలింది. ముళ్ళు పటపటా విరిగాయి. పక్కనే తన సొంత బొరియ కూలిపోయింది. అయినా ఆయన కదల్లేదు. "తప్పు చేశానే బుజ్జీ, తప్పు చేశాను" అని లోపలి పిల్లతో అంటూనే ఉన్నాడు.

ఇంతలో గంగులు ఈదుకుంటూ వచ్చాడు. "తాతా, నా తోక పట్టుకో! వదలకు!" అని, పిల్లను నోట కరుచుకుని ఇద్దరినీ గట్టెక్కించాడు.

గంగులు తవ్విన బొరియలే ఆ వారమంతా అందరికీ దిక్కయ్యాయి. వెక్కిరించిన కుందేళ్లు కూడా వాటిలోనే దూరాయి. గంగులే జరిగి వాటికి చోటిచ్చాడు.

నీళ్లు తీశాక చూస్తే, నేలలో గుచ్చిన ముళ్ళు ఒక్కటీ లేవు. ఎవరి చోటు ఎక్కడో తెలియలేదు. అందరూ బొడ్డయ్య దగ్గరికి వచ్చారు. తాత వీపు సగం బోడిగా ఉంది. గంగులును ముందు నడవమని, తాను కుంటుతూ వెనక నడిచాడు. నీళ్లు వచ్చిన చోట్లన్నీ గంగులు చూపించాడు. అక్కడల్లా తాత ముల్లు గుచ్చాడు. కూలిన తన బొరియ అవతల కూడా గుచ్చాడు.

"ఇంత చోటు ఎవరికి తాతా?" అని ఉడుము అడిగింది.

"వాగుకి. ఇన్నాళ్లూ అందరికీ చోటిచ్చి దాన్ని మరిచాను. ఇక్కడ మేయండి, ఆడుకోండి. ఇల్లు మాత్రం వద్దు. ఏటేటా గంగులు నీళ్లు చూసి చెబుతాడు, దాన్నిబట్టి చోట్లు మారుద్దాం."

తర్వాత గుట్ట మీద అందరికీ చోట్లు పంచాడు. పంచడం అయ్యాక ఒక రాయికి ఆనుకుని కూర్చుని, "నాకూ ఎక్కడైనా కాస్త చోటు చూపిస్తారా?" అని మెల్లగా అడిగాడు.

"మా ఇంటికి రా తాతా" అంది సూరమ్మ.

"పిల్లలకు నా ముళ్ళు గుచ్చుకుంటాయేమో తల్లీ!"

"గుచ్చుకోవడానికి ఇంకేం మిగిలాయి నీకు!" అని ఆమె నవ్వి, కళ్లు తుడుచుకుని, పిల్లలను పక్కకు జరిపింది.

నీతి: కాలం మారితే పాత గీతనే పట్టుకుని కూర్చోకూడదు, నీటి దారి నీటికి వదిలి, మన ఇల్లు క్షేమమైన చోట కట్టుకోవాలి.