వెయ్యిన్నొకటో గుడ్డు

ఒకప్పుడు సముద్రపు తాబేలుకి కన్నీళ్ళంటే తెలియదు. గుడ్లు పెట్టి, పిల్లలు ఇసకలోంచి పైకొచ్చేదాకా ఒడ్డునే కాపలా ఉండేది.

ఆ ఒడ్డున సముద్రుడు ఒక కట్టుబాటు పెట్టాడు. గుడ్లకోసం గుంపుగా వచ్చినవాళ్ళు ఒక్కటీ మిగలకుండా సమానంగా పంచుకోగలిగితేనే తినాలి. ఒక్కటి మిగిలినా ఏదీ ముట్టకూడదు. ఒంటరిగా వచ్చినవాణ్ణి అల ఈడ్చుకుపోతుంది. పదిమందిని మించిన గుంపు అక్కడ లేదు.

ఒక తల్లి తాబేలు వెయ్యి గుడ్లు పెట్టింది. పెట్టిందేగానీ ఒకటే దిగులు.

"వెయ్యి మంచిది కాదే పీతా! ఇద్దరొచ్చినా సరిగ్గా పంచుకుంటారు. ఐదుగురొచ్చినా అంతే, పదిమందొచ్చినా అంతే."

"ఇంకొకటి పెట్టెయ్యి వదినా, పీడా పోతుంది" అంది పక్క బొరియలోని పీత.

తాబేలు ఒళ్ళు బిగబట్టి ఇంకొకటి పెట్టింది. వెయ్యిన్నొకటి. ఇక పరీక్ష మొదలుపెట్టింది. రెండు వాటాలు వేస్తే ఒకటి మిగిలింది. మూడు వేస్తే రెండు మిగిలాయి. నాలుగు, ఐదు, ఆరు... ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది. తాబేలు ముఖం విప్పారింది. వెంటనే ఎనిమిది వాటాలు వేయబోయింది.

"ఏడు వదిలేశావేం వదినా?"

"నోరు ముయ్యి! పిల్లలు పుట్టబోయే చోట ఏడవమంటావా?"

గింజలు కొలిచేవాళ్ళు 'ఒకటి' అనకుండా 'లాభం' అన్నట్టు, తాబేలు ఇంట్లో 'ఏడు' అనకూడదు. అశుభం. పీత నోరు మూసుకుంది. ఎనిమిదికీ, తొమ్మిదికీ, పదికీ గుడ్లు మిగిలాయి. తాబేలు ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు నక్కలు వచ్చాయి. బక్కచిక్కి ఉన్నాయి.

"రండి అల్లుళ్ళూ" అని తాబేలే ఇసక తవ్వి చూపించింది. "పంచుకోండి చూద్దాం!"

ముసలి నక్క ఒక్కొక్క గుడ్డే పంచసాగింది. "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు..."

చివరి గుడ్డు చివరి నక్క ముందు పడింది. గుంటలో ఏమీ మిగల్లేదు.

"ఏడు!" అంది ముసలి నక్క.

అది లెక్కో, ఆజ్ఞో తాబేలుకి తెలియలేదు. ఏడ్చింది.

"అత్తా, ఆ ఒక్కటీ పెట్టకుండా ఉంటే మాకు ఆరు మిగిలేవి. ఆకలితోనే వెనక్కి పోయేవాళ్ళం" అంది నక్క, మూతి తుడుచుకుంటూ.

పీత కళ్ళు దించుకుంది. సముద్రుడు కట్టుబాటు తప్పలేడు, చూస్తూ ఊరుకున్నాడు.

"ఇక నా కాపలా వద్దు నా పిల్లలకి" అంది తాబేలు. నీళ్ళలోకి దిగిపోయింది.

అప్పటినుంచే సముద్రపు తాబేలు గుడ్లు పెడుతున్నంతసేపూ కన్నీళ్ళు కారుస్తుంది. ఎన్ని పెట్టిందో లెక్కపెట్టదు. గుంట పూడ్చి వెళ్ళిపోతుంది. పిల్లలు ఇసక చీల్చుకుని పైకి వచ్చేసరికి ఆ తల్లి ఎక్కడో నడిసముద్రంలో ఉంటుంది.