పడిపోయిన స్విచ్చికి దండం

సుంకన్నకు ఆ ట్రిప్ స్విచ్ మీద ఒళ్లు మండిపోతోంది.

నంద్యాల బైపాస్ పక్కన మద్దిలేటి పెట్టిన కార్ వాష్ అది. డబ్బు కడితే గన్నులోంచి నీళ్లూ నురగా వస్తాయి, ఎవరి కారు వాళ్లే కడుక్కోవాలి. పొద్దున మిషన్ బుద్ధిగా నడుస్తుంది. కొన్ని కార్లు కడిగి నేల తడిసేసరికి, ఎక్కడ కరెంటు లీకైనా తనంతట తాను ఆపేసే ఆ స్విచ్ టక్కుమని పడిపోతుంది. ఎత్తితే మళ్లీ పడుతుంది.

"ఈ పని నీదేరా" అని గురువు వీరాచారి మొదటిసారి పనిముట్ల సంచి సుంకన్న చేతికిచ్చి, తాను గోడ నీడన కూర్చున్నాడు. కూర్చునే ముందు, ఎప్పటిలాగే, పడిపోయిన స్విచ్చికి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. తల నెరిసేదాకా కరెంటు పని చేసిన మనిషికి ఇదేం చాదస్తమో! దేవుడి పటానికైనా అంత శ్రద్ధగా మొక్కడు. సుంకన్న ఎప్పటిలాగే నవ్వు ఆపుకున్నాడు.

ఆదివారం. కార్లు వరసగా నిలబడ్డాయి. సుంకన్న తీగలన్నీ తడిమాడు, బోర్డంతా విప్పి బిగించాడు. జబ్బు ఎక్కడుందో చిక్కలేదు.

"ఏమప్పా, అయితాదా, కాదా? గిరాకీ అంతా ఎనక్కి పోతాండాది," అన్నాడు మద్దిలేటి.

"అయితాదన్నా."

అనేశాక చేసి చూపించాలి కదా. సుంకన్న సంచిలోంచి చిన్న తీగముక్క తీసి స్విచ్చికి అటూ ఇటూ కలిపేశాడు. ఇక అది పడినా కరెంటు ఆగదు. జబ్బు కుదర్చలేక, మూలిగే నోరు కట్టేశాడన్నమాట. మిషన్ వేసి చూస్తే పంపులన్నీ హాయిగా తిరిగాయి. మళ్లీ ఆపాడు.

"గురువును మించినావు పో!" మద్దిలేటి వీపు చరిచాడు. సుంకన్నకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

వరసలో ముందున్న కారాయన మహానందికి పోయి వస్తున్నాడు. కారులో పెళ్లాం, ముసలి తల్లి కూర్చున్నారు. కొత్త చెప్పులు తడుస్తాయని కారులోనే విడిచి, ప్యాంటు మడిచి, వట్టి కాళ్లతో నీళ్లలోకి దిగి గన్ను అందుకోబోయాడు.

"ఉండు నాయనా, ముందు నేను."

వీరాచారి లేచాడు. చెప్పులు గోడవారన విడిచాడు. పంచె పైకి కట్టుకుని నీళ్లలోకి నడిచి, ఆ ఇనుప గన్నును రెండు చేతులా పట్టుకున్నాడు.

"వెయ్యి, సుంకన్నా."

సుంకన్న వేలు స్టార్ట్ బటన్ మీదే ఉంది. కదల్లేదు.

"వెయ్యిరా. బాగైందంటివి గదా."

నీళ్లలో గురువు పాదాలు కనిపిస్తున్నాయి. పగిలిన మడమలు, ఉబ్బిన నరాలు. తనకు అన్నం పెట్టి పని నేర్పిన మనిషి.

"వద్దు సామీ," అన్నాడు సుంకన్న. "చెప్పులన్నా ఏసుకోండి సామీ."

వీరాచారి కారాయన వైపు చూశాడు.

"ఆ మాట ఆయప్పకు చెప్పినావా?"

సుంకన్న మెయిన్ ఆపేశాడు. ఆ తీగముక్కను పీకేశాడు. మద్దిలేటి ఏదో అనబోయి, అతని మొహం చూసి, "కొంచెం ఆగండి సామీ" అంటూ కార్ల వాళ్ల దగ్గరికి వెళ్లాడు.

ఈసారి సుంకన్న తొందరపడలేదు. మెయిన్ ఆపి ఒక్కొక్క పంపు తీగే ఊడదీయడం, మళ్లీ వేసి చూడడం. నురగ పంపును విడదీసినప్పుడు స్విచ్ నిలబడింది. మళ్లీ మెయిన్ ఆపి ఆ పంపు డబ్బా విప్పాడు. మూతకు ఉండాల్సిన రబ్బరు రింగు లేదు. లోపల నీళ్లు, తీగల కొసలకు పచ్చని కిలుము. లీకైన కరెంటును భూమిలోకి పంపాల్సిన ఎర్తు తీగ తుప్పుపట్టి తెగి ఉంది. ఆ పంపు నుంచి గన్నుదాకా పోయే గొట్టం లోపలంతా ఉక్కు అల్లిక.

సుంకన్న ఆ గొట్టం మీద చెయ్యి వేసి, పాకించుకుంటూ వచ్చి, గన్ను దగ్గర ఆగాడు. అక్కడే తడి నేల మీద కూలబడ్డాడు.

వీరాచారి సంచిలోంచి కొత్త రింగు తీసి అందించాడు.

కిలుము పట్టిన కొసలు కోసి, డబ్బా ఆరబెట్టి, కొత్త ఎర్తు కట్టాక స్విచ్ ఎత్తితే నిలబడింది. సుంకన్న దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూశాడు. టక్కుమని పడింది. పొద్దుటి నుంచీ తిట్టుకున్న ఆ చప్పుడు ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉంది. మళ్లీ ఎత్తాడు.

కారాయన వట్టి కాళ్లతోనే కారు కడుక్కున్నాడు. పెళ్లాం అద్దం దించితే ఆమె మీద నాలుగు చినుకులు చల్లాడు, ముసలావిడ కొడుకును తిట్టింది, ముగ్గురూ నవ్వారు. పోతూ పోతూ, "సల్లగుండు తమ్ముడూ, బాగా చేసినావు," అన్నాడు. ఏం జరగబోయిందో ఆయనకు తెలియదు.

సుంకన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లి గురువు కాళ్ల మీద వంగాడు. ఆ పాదాలింకా తడిగానే ఉన్నాయి.

వీరాచారి రెండడుగులు వెనక్కి వేసి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"నాకెందుకురా? పొద్దుటి నుంచి చెప్తాండేది నేనా?"

సుంకన్న బోర్డు వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించాడు. చాలాసేపు దించలేదు.