గంగాధరం ‘చూద్దాం’ అన్నాడు

కాకినాడ బస్సు డిపోలో గంగాధరం అనే మెకానిక్ ఉండేవాడు, ఎంత తుప్పు పట్టిన బోల్టునైనా విప్పగలిగిన ఆయనకు ఎదుటి మనిషి మొహం మీద ‘వద్దు’ అనడం మాత్రం చేతనయ్యేది కాదు.

వద్దు అనాల్సిన చోట ‘చూద్దామండి’ అనేవాడు. ఇన్సూరెన్సు ఏజెంటుకీ అదే, మిక్సీలు అమ్మడానికి వచ్చిన కుర్రాళ్ళకీ అదే. వాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చి చివరికి అంటగట్టి పోయేవారు. ఆ ఇంట్లో మిక్సీలు మూడు ఉండేవి, రుబ్బడానికి పప్పు ఉన్నా లేకపోయినా.

ఆయన భార్య భ్రమరాంబ ఒక స్కూలు హాస్టల్లో వంట చేసేది. పదకొండేళ్ళుగా రోజూ తెల్లవారకముందే లేచి వెళ్ళి, మూడువందల మంది పిల్లలకు నిలబడి వండేది. మోకాళ్ళు అరిగిపోయాయి. నిలబడే పని మానకపోతే మంచం పట్టక తప్పదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మానేస్తే ఇల్లు గడవదు. అందుకని, ఆవిడ పుట్టింటివాళ్ళు ఇచ్చిన పొలం అమ్మిన డబ్బుతో ఒక చిన్న షాపు రూము కొని అద్దెకివ్వాలని ఇద్దరూ అనుకున్నారు.

“మొదటి నెల అద్దె చేతికొచ్చిన రోజే గరిటె కింద పెట్టేస్తానండి” అంది భ్రమరాంబ.

“నెల తిరక్కుండా కొనేద్దాం” అన్నాడు గంగాధరం. ఆ మాట భార్యతో బాగానే అన్నాడు. అసలు చిక్కంతా బయటివాళ్ళతోనే.

ముందుగా సత్తిరాజు అనే బ్రోకరు దొరికాడు. తెల్ల కారులో ఎక్కించుకుని, దారిలో కొబ్బరి బోండం తాగించి, ఒక అపార్ట్‌మెంటులో మెట్ల కింద గది చూపించాడు. అందులో గంగాధరం తల ఎత్తి నిలబడలేకపోయాడు.

“ఎలా ఉందండీ?” అన్నాడు సత్తిరాజు.

“బాగుందండి. చూద్దామండి” అన్నాడు గంగాధరం, వంగి నిలబడే. బోండం తాగించిన మనిషితో బాగులేదని ఎలా అంటాడు?

తర్వాత భానోజీ వచ్చాడు. ఏదో పెళ్ళిలో కలిసిన దూరపు చుట్టరికం పట్టుకుని “బావగారూ” అంటూ ఇంట్లోకే దిగాడు. మురుగు కాలవ పక్కన ఒక షాపు చూపించి, “గాలి చూసేరా బావగారూ, ఫ్యాను అక్కర్లేదండి” అన్నాడు. గంగాధరం ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని “చూద్దాం బావగారూ” అన్నాడు.

మూడోవాడు కిశోర్. పొద్దున్నే ఫోన్ చేసి “సార్, సూపర్ ప్రాపర్టీ సార్, సాయంత్రానికి ఉండదు సార్” అనేవాడు. ఆ ప్రాపర్టీ రెండు నెలల తర్వాత కూడా అక్కడే ఉండేది. అయినా గంగాధరం అతనితోనూ “చూద్దాం బాబూ” అనే అన్నాడు.

బ్రోకర్ల చెవికి ‘చూద్దాం’ అంటే వద్దని కాదు, ఇంకొంచెం గట్టిగా తోయమని. వాళ్ళు తోశారు. నాలుగు నెలల ఆదివారాలన్నీ మెట్ల కింది గదులకీ, నీళ్ళు కారే గోడలకీ, దస్తావేజుల్లో సగం మంది హక్కుదారుల పేర్లు లేని షాపులకీ బలైపోయాయి. భ్రమరాంబ మోకాళ్ళకు కట్లు కట్టుకుని హాస్టలుకు వెళ్తూనే ఉంది. ఒక్కసారి “నాకిది నచ్చలేదు” అంటే ఆ మనిషి సొమ్మేం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు.

చివరికి సత్తిరాజే ఒక మంచి షాపు చూపించాడు. మార్కెట్ వీధిలో మంచి చోటు. అందులో రాఘవులు అనే ఆయన ఎనిమిదేళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్నాడు. ఠంచనుగా అద్దె కడతాడు. కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. ధర ముప్పై లక్షలు. గంగాధరం దగ్గరున్న డబ్బు దానికీ, రిజిస్ట్రేషనుకీ సరిగ్గా సరిపోతుంది.

“ఓనరు నరసింగరావుగారు పక్క వీధిలోనే ఉంటారండి. కానీ మీరెళ్ళి మాట్లాడకండి. పార్టీలు కలుసుకుంటే బేరం చెడిపోద్దండి. అంతా నేను చూసుకుంటాను” అన్నాడు సత్తిరాజు. బ్రోకర్ల పద్ధతే అంత. వాళ్ళకు కొనేవాడూ పార్టీయే, అమ్మేవాడూ పార్టీయే. ఒక పార్టీని ఇంకో పార్టీతో కలవనిస్తే తమ కమీషను ఎగిరిపోతుందని భయం.

గంగాధరానికి షాపు ఎంతో నచ్చింది. ‘తీసుకుంటాను’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో భానోజీ గుర్తొచ్చాడు. ఇంటికొచ్చి కాఫీ తాగిన చుట్టం, వేరేవాళ్ళ ద్వారా కొంటే ఏమనుకుంటాడు?

“చూద్దామండి” అన్నాడు గంగాధరం.

ఆ బుధవారమే భానోజీ మోటారు సైకిలు వేసుకొచ్చాడు. “అదిరిపోయే షాపు బావగారూ” అంటూ తీసుకెళ్ళి, సరిగ్గా ఆ మందుల దుకాణం ముందే దింపాడు. ఇది చూశానని చెప్తే భానోజీ చిన్నబుచ్చుకుంటాడని, గంగాధరం ఆ షాపును కొత్తగా చూస్తున్నట్టు మళ్ళీ గోడలు తట్టి చూశాడు. శుక్రవారం కిశోర్ కూడా అక్కడికే తీసుకెళ్ళాడు. మూడోసారి గోడలు తడుతుంటే రాఘవులు కౌంటరు మీంచి వంగి, “మళ్ళీ వచ్చేరేంటండీ? గోడ పడిపోద్దనా?” అన్నాడు. గంగాధరం వెర్రి నవ్వు నవ్వి బయటపడ్డాడు.

ఇక చూడండి. ముగ్గురు బ్రోకర్లూ ఎవరికి వారే నరసింగరావుగారి దగ్గరికి వెళ్ళారు. “నా పార్టీ రెడీగా ఉన్నారండి” అని ముగ్గురూ చెప్పారు. పార్టీ పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు, పక్కవాడు ఎగరేసుకుపోతాడని. తన షాపు కోసం ముగ్గురు కాచుకున్నారని తెలిశాక ఆయన మాత్రం ఊరుకుంటాడా? ధర ముప్పై ఒకటి అన్నాడు.

సత్తిరాజు గంగాధరానికి ఫోన్ చేశాడు. “ఇంకో రెండు పార్టీలు ఎగబడుతున్నాయండి. ఓ లక్ష పెంచాలండి.”

“చూద్దామండి” అన్నాడు గంగాధరం. సత్తిరాజు దాన్ని సరేనని తీసుకుని ఓనరుకు ఆ మాటే చెప్పాడు. భానోజీ ఫోన్ చేసి ముప్పై రెండు అన్నాడు. కిశోర్ ముప్పై మూడు అన్నాడు. వాళ్ళకూ ‘చూద్దాం’ అనే చెప్పాడు. వారం తిరిగేసరికి ధర ముప్పై నాలుగుకు చేరింది.

“ఎవరో ఇద్దరు దుర్మార్గులు మన షాపు మీద పడ్డారు భ్రమరా! వాళ్ళకి వేరే షాపే దొరకలేదా?” అని గంగాధరం ఇంట్లో పళ్ళు కొరికాడు. ఆ దుర్మార్గులిద్దరూ తనేనని ఆయనకు తట్టలేదు. తన మీద తనే వేలంపాట పెంచుకుంటూ పోయాడు మహానుభావుడు!

ధర ఇలా పెరుగుతుంటే నరసింగరావుగారికే చిరాకొచ్చింది. గురువారం పది గంటలకు మూడు పార్టీలూ తన ఇంటికొచ్చి, తన ముందే మాట తేల్చుకోవాలన్నాడు. భ్రమరాంబకు ఆ రోజు సెలవు దొరకలేదు. వెళ్తూ వెళ్తూ, “ఈ ఒక్కసారికీ తీసుకుంటాం అని చెప్పి రండి. నేనింక నిలబడలేనండి” అంది.

నరసింగరావుగారు వరండాలో మూడు పార్టీలకూ మూడు కుర్చీలు వేయించాడు. బ్రోకర్లు ముగ్గురూ ముందే వచ్చి, మెట్ల మీద కూర్చుని ఒకరినొకరు గుర్రుగా చూసుకుంటున్నారు. రాఘవులు కూడా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు, తన దుకాణం ఎవరి చేతికి పోతుందో తెలుసుకోవాలని. గేటు తీసుకుని గంగాధరం లోపలికి వచ్చాడు.

“నా పార్టీ వచ్చేరండి!” అని ముగ్గురూ ఒక్కసారే లేచారు.

నరసింగరావుగారు గేటు వైపు చూశాడు. “మిగతా ఇద్దరేరీ?”

బ్రోకర్లు ముగ్గురూ కూడా గేటు వైపే చూశారు. రాఘవులే పకపకా నవ్వి, “ఇంకెవరున్నారండీ? మూడుసార్లూ గోడలు తట్టింది ఈయనేనండి” అన్నాడు. గంగాధరం మూడు కుర్చీల్లో దేంట్లోనూ కూర్చోలేక మధ్యలో నిలబడిపోయాడు.

నరసింగరావుగారికి జాలేసింది. పాపం, మనిషి మంచివాడు. “సరే, జరిగిందేదో జరిగింది. నేను మొదట చెప్పిన ముప్పైకే ఇస్తాను. మీకు షాపు కావాలా, వద్దా? ఇప్పుడే ఒక్క మాట చెప్పండి” అన్నాడు.

ఇంతకన్నా ఎవరైనా ఏం చేస్తారు? అదే ధర, అదే షాపు. గంగాధరం నోరు తెరిచాడు. సత్తిరాజు కళ్ళెగరేశాడు. భానోజీ “బావగారూ, నా ద్వారానేనండి” అన్నాడు. కిశోర్ “సార్, ఫస్ట్ చెప్పింది నేనే సార్” అన్నాడు. ఒకరి పేరు చెప్తే ఇద్దరు నొచ్చుకుంటారు. గంగాధరం ముగ్గురి మొహాల వైపూ మార్చి మార్చి చూశాడు.

“చూద్దామండి...” అన్నాడు.

నరసింగరావుగారు రెండు చేతులూ జోడించాడు. “మీరు చూసుకుంటూ ఉండండి బాబూ.” అని రాఘవులు వైపు తిరిగాడు. “ఏమయ్యా, నువ్వు తీసుకుంటావా?”

“తీసుకుంటానండి” అన్నాడు రాఘవులు. అంతే, బేరం అయిపోయింది. బ్రోకర్లు ముగ్గురూ గంగాధరం వంక కనీసం చూడకుండా వెళ్ళిపోయారు. ఎవరు నొచ్చుకుంటారని ఇంత చేశాడో, ఆ ముగ్గురూ ఒకేసారి నొచ్చుకున్నారు.

గంగాధరం హాస్టలుకు నడిచి వెళ్ళాడు. భ్రమరాంబ పొయ్యి దగ్గర, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో సాంబారు కలుపుతోంది. భర్తను చూడగానే ఆవిడ మొహం వెలిగింది. ఆయన జరిగింది చెప్పాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు.

“ముక్కూ మొహం తెలియని ముగ్గురు నొచ్చుకోకూడదని ఇన్నాళ్ళూ కనిపెట్టుకుని ఉన్నారు. నా దగ్గర మాత్రం మీకు ఒక్క రోజు కూడా మొహమాటం కలగలేదండి” అంది. పిల్లల భోజనం గంట కొట్టారు. ఆవిడ మళ్ళీ గరిటె అందుకుంది.

నీతి: కావాలంటే కావాలని, వద్దంటే వద్దని వెంటనే చెప్పాలి, బయటివాళ్ళ దగ్గర మనం పడే మొహమాటానికి బాధపడేది మన ఇంట్లోవాళ్ళే.